మగ్గు మీది సిపాయి ఎవరి నౌకరు?

చిక్కడపల్లి చౌరస్తా నుంచి నారాయణగూడ వైపు నడిచినా, అటు అశోక్‌నగర్ గల్లీల్లోకి తిరిగినా ఇప్పుడు మూడు రకాల దుకాణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి కోచింగ్ సెంటర్. రెండు, ఆ కోచింగ్ సెంటర్ నోట్సుకు నకళ్లు తీసి అమ్మే జిరాక్సు షాపు. మూడు, మనకు కావలసిన బొమ్మను పింగాణీ మగ్గు మీద అచ్చు వేసి ఇచ్చే కానుకల కొట్టు. పిల్లల ఫొటోలు, దేవుళ్లు, సినిమా హీరోలు, భగత్ సింగ్, శివాజీ, ఎవరు కావాలంటే వాళ్లు మగ్గెక్కుతారు. ఈ వరుసలోకి ఈమధ్య పాత చారిత్రక చిత్రాలు కూడా వచ్చి చేరాయి. మాకు కానుకగా వచ్చిన అలాంటి మగ్గు మీద ఒక సిక్కు సిపాయి ఉన్నాడు. ఎత్తయిన తలపాగా, దానికి తొడిగిన పదునైన ఇనుప చక్రాలు, గుబురు గడ్డం. కింద పేరు లేదు, ఊరు లేదు, తారీఖు లేదు. ఉన్నదల్లా వీరత్వం గురించి ఇంగ్లీషులో ఒక ముక్క.

బొమ్మ బాగుంది. మాకూ నచ్చింది. కాని బొమ్మ కింద ఊరి పేరు చెరిపేయడం మాకు నచ్చలేదు. ఎందుకంటే ఈ రకం బొమ్మల్లో బాగా ప్రసిద్ధమైన ఒక చిత్రానికి ఊరి పేరు ఉంది. 1840ల నాటి ఆ చిత్రాన్ని 'నిహంగ్ అబ్‌చల్‌నగర్' అంటారు. అబ్‌చల్‌నగర్ అంటే నాందేడ్. గురు గోవింద్ సింగ్ కన్నుమూసిన ఊరు. 1840లలో నాందేడ్ ఎక్కడుంది? పంజాబులో లేదు, ఇప్పటిలాగా మహారాష్ట్రలోనూ లేదు. హైదరాబాద్ నిజాం రాజ్యంలో ఉంది. 1956 దాకా మనతోనే ఉంది. అంటే ఆ చక్రాల తలపాగా సిపాయిలు ఎక్కడి పరాయివాళ్లో కాదు. మన దక్కన్ మట్టి తొక్కినవాళ్లు, నిజాం రాజ్యపు రాట్టె తిన్నవాళ్లు.

ఈ మాట విని కొందరు లౌకిక మిత్రులు కూడా ఆశ్చర్యపోతారు. సిక్కులేమిటి, నిజాం ఏమిటి అంటారు. ఆ ఆశ్చర్యం ఎక్కడినుంచి వచ్చిందో అడగవలసిన అవసరం ఉందని మేం అనుకుంటున్నాం. సిక్కు సిపాయి బొమ్మ చూడగానే మన తలలో ఒక కథ తయారుగా ఉంటుంది. ముస్లిం పాలకుల మీద కత్తి దూసినవాడు, హిందూ ధర్మానికి కాపలా కాసినవాడు. ఆ కథలో అతనికి ఎదురుగా నిలబడ్డది ఎవరో చెప్పనక్కర లేదు. మేమే. మగ్గు మీద మా బొమ్మ ఉండదు. కాని ఆ కత్తి మొన ఎటు తిరిగి ఉందో చూస్తే మేం కనిపిస్తాం.

ఆ కథలో నిజం లేదని మేం అనడం లేదు. 1606లో జహంగీర్ పాదుషా కాలంలో గురు అర్జన్ హింసలపాలై చనిపోయాడు. 1675లో ఔరంగజేబు కాలంలో ఢిల్లీలో గురు తేగ్ బహదూర్ తల తీశారు. సర్‌హింద్‌లో గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులిద్దరినీ చంపించింది మొగల్ సుబేదారు. నాందేడ్‌లో గురువు మీద కత్తితో దాడి చేసింది పఠాన్లు. వీటిని దాచిపెట్టి సామరస్యం గురించి మాట్లాడే అలవాటు మాకు లేదు. దాచిన చరిత్ర ఎవరో ఒకరోజు మన ముఖాన విసిరి కొడతారు. అయితే సగం చెప్పి ఆపిన చరిత్ర కూడా దాచిన చరిత్రే. తక్కిన సగం కూడా చెప్పాలి.

సర్‌హింద్ దర్బారులోనే ఆ పిల్లల్ని చంపడం అన్యాయమని ఎదురు చెప్పినవాడు మలేర్‌కోట్లా నవాబు షేర్ మొహమ్మద్ ఖాన్. 1688లో భంగాణీ యుద్ధంలో గురువు పక్షాన పోరాడి కొడుకుల్ని పోగొట్టుకున్నవాడు పీర్ బుద్ధూ షా. గురు గోవింద్ సింగ్ ఔరంగజేబును నిలదీస్తూ రాసిన 'జఫర్‌నామా' ఫారసీలో ఉంది. ఔరంగజేబు పోయిన తర్వాత వారసత్వ యుద్ధంలో గురువు బహదూర్ షా పక్షం వహించాడు. 1708లో దక్కనుకు వచ్చింది ఆ పాదుషా దండుతో పాటే. ఆ దండు ఎవరి మీదికి వచ్చింది? హైదరాబాద్‌లో తిరగబడ్డ పాదుషా తమ్ముడు కాంబక్ష్ మీదికి. అన్నా ముస్లిమే, తమ్ముడూ ముస్లిమే. అన్న శిబిరంతో ప్రయాణంలో ఉన్నది సిక్కుల గురువు. ఆ ప్రయాణంలోనే నాందేడ్‌లో గోదావరి ఒడ్డున ఆయన జీవితం ముగిసింది. మతానికో కత్తి, కత్తికో మతం అని లెక్క కట్టేవాళ్లకు ఈ ఒక్క ప్రయాణం చాలు, లెక్క తప్పడానికి.

ఇక మన ఊరి సంగతి. 1832 ప్రాంతంలో లాహోర్ మహారాజా రంజిత్ సింగ్ ఒప్పందం మేరకు హైదరాబాద్‌కు ఒక సిక్కు దళాన్ని పంపాడు. పద్నాలుగు రిసాలాలు, సుమారు పన్నెండు వందల మంది అని ఇక్కడి సిక్కులు చెప్పుకుంటారు. అప్పుడు గద్దె మీద ఉన్నది నాలుగో ఆసఫ్‌జా నాసిరుద్దౌలా. రాజ్యం నడిపింది మాత్రం రాజా చందూలాల్, పంజాబీ మూలాలున్న ఖత్రీ, 'షాదాన్' అనే తఖల్లుస్‌తో ఉర్దూలో షాయరీ రాసినవాడు. వచ్చిన దళం మూసీ అవతల అత్తాపూర్ దగ్గర బరంబాలాలో విడిది చేసింది. ఆ చోట ఇప్పటికీ గురుద్వారా ఉంది. పక్క బస్తీ పేరు సిక్ ఛావ్‌నీ. ఛావ్‌నీ అంటే దండు విడిది. ఆ దళానికి కాలక్రమంలో స్థిరపడ్డ పేరు 'జమియతె సిఖ్ఖాన్'. మాట ఉర్దూ, మనుషులు పంజాబీ, జీతం నిజాంది.

ఆ రోజుల్లోనే నాందేడ్‌లో హుజూర్ సాహిబ్ కట్టడం లేచింది. 1832 నుంచి 1837 దాకా రంజిత్ సింగ్ సొమ్ముతో, నిజాం నేల మీద. కానుకలు అటునుంచే కాదు, ఇటునుంచీ వెళ్లాయి. 1826లో హైదరాబాద్ నిజాం రత్నాలు పొదిగిన ఒక చాందినీని రంజిత్ సింగ్‌కు పంపాడు. ఇంత గొప్ప చాందినీ కింద కూర్చునే అర్హత తనకు లేదని రంజిత్ సింగ్ దాన్ని అమృత్‌సర్ హర్‌మందిర్ సాహిబ్‌కు సమర్పించాడని చెప్తారు. నిజాం కానుక గురు గ్రంథం నెత్తిన నీడ అయింది. దీని మీద మగ్గులు అచ్చు వేయరు. 1984 జూన్‌లో స్వర్ణ దేవాలయం మీద సైనిక చర్య జరిగినప్పుడు ఆ చాందినీ దెబ్బతింది.

రంజిత్ సింగ్ కొలువు సంగతి కూడా ఒక మాట. ఆయన విదేశాంగ వ్యవహారాలు చూసింది ఫకీర్ అజీజుద్దీన్. ఫిరంగిదళం నడిపినవాళ్లలో మియాన్ గౌసా, ఇలాహీ బక్ష్ పేర్లు అందరికీ తెలిసినవే. సిక్కు రాజు తోపులు ముస్లింల చేతిలో, ముస్లిం నిజాం దీవానం హిందువు చేతిలో, ఆ దీవాను పిలిపించుకున్న దళం సిక్కులది. ఇదంతా మతసామరస్యం కోసం ఎవరో చేసిన పుణ్యకార్యం అని మేం అనం. అది రాజ్యం. రాజ్యానికి పని చేసేవాడు కావాలి, పని చేసేవాడికి జీతం కావాలి. ఎవరు నమ్మకంగా పని చేస్తారో వాళ్లను పెట్టుకున్నారు. పరాయి ఊరి సిపాయికి స్థానికంగా చుట్టాలుండరు కనక తిరగబడడని ప్రతి రాజూ లెక్క వేశాడు. అందుకే హైదరాబాద్ ఫౌజు అంటే నానా దేశాల సంత.

ఈ ఊరి పేట పేట్లోనూ ఆ సంత గుర్తులున్నాయి. బార్కస్ అంటే బ్యారక్స్, హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల నివాసం. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల అశ్వదళం. మూసారాంబాగ్ అంటే 1798లో ఇక్కడే చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమోన్ తోట. ముస్లింలు మూసా అన్నారు, హిందువులు రామ్ అన్నారు, రెండూ కలిసి ఊరి పేరైంది. 1857 జులై 17న కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్ వెంట ఉన్నది రొహిల్లాలు. అప్పుడు నిజాం ప్రభుత్వం ఎటు నిలబడింది? ఇంగ్లీషువాళ్ల పక్కన. తుర్రేబాజ్ ఖాన్‌ను పట్టుకున్నారు, తప్పించుకుంటే వెంటాడి 1859లో తూప్రాన్ దగ్గర చంపారు. అతనితో ఉన్న మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ముస్లిం రాజ్యం, ముస్లిం తిరుగుబాటుదారు, ముస్లిం మౌల్వీ. 'ముస్లిం పాలన' అన్న ఒక్క మూటలో వీళ్లందరినీ కట్టి పెట్టేవాళ్లు ఆ మూట విప్పి చూడలేదనే అర్థం.

ఒక్క విషయం తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. పంజాబీ సిపాయి దక్షిణానికి వచ్చినట్టే తెలుగు సిపాయి ఉత్తరానికి వెళ్లాడు. ఇంగ్లీషు కంపెనీ తొలి రోజుల్లో తెలుగు జిల్లాల నుంచి సిపాయిల్ని చేర్చుకుంది. వాళ్ల వల్ల ఉర్దూలో కంపెనీ సిపాయికే 'తిలంగా' అనే పేరు పడింది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ రాతల్లో తిరుగుబాటు సిపాయిల్ని, వాళ్లు అవధ్ వాళ్లయినా బీహారు వాళ్లయినా, తిలంగాలు అనే రాశారు. మన పేరు ఢిల్లీ గల్లీల్లో సిపాయి పేరుగా తిరిగింది. మనకది తెలియదు. తెలియదు కనకే సిపాయి అంటే ఏదో ఒక జాతికి, ఒక మతానికి పుట్టుకతో వచ్చే గుణం అనుకుంటాం.

అలా అనుకునేట్టు చేసింది ఇంగ్లీషువాడు. 1857 తర్వాత ఎవరు తమ పక్షాన నిలబడ్డారో లెక్క చూసుకుని, వాళ్లకు యుద్ధజాతులు అని పేరు పెట్టాడు. సిక్కు, గూర్ఖా, పఠాన్ పుట్టు వీరులు. బెంగాలీ, మద్రాసీ పనికిరానివాళ్లు. నిన్నటిదాకా తిలంగాలుగా ఫిరంగులకు ఎదురుపోయినవాళ్లు రాత్రికి రాత్రి పిరికివాళ్లయ్యారు. సిక్కు సిపాయి బొమ్మకు గిరాకీ దానికి ముందే మొదలైంది. గవర్నర్ జనరల్ ఆక్లండ్ చెల్లెలు ఎమిలీ ఈడెన్ 1838లో లాహోర్ దర్బారు వైపు ప్రయాణించి వేసిన బొమ్మలు 1844లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. అందులో అకాలీలు ఉన్నారు. పంజాబు ఇంకా కంపెనీ చేతికి చిక్కలేదు, 1849లో చిక్కింది. జయించబోయే మనిషిని ముందు అందంగా గీసుకున్నారు, తర్వాత జయించారు, ఆ తర్వాత అతన్నే తమ సిపాయిగా చేసుకున్నారు. ఇవాళ మగ్గు మీద మనం చూసే వీరుడి వెనక ఈ చూపు కూడా ఉంది. ఆ చూపు అతన్ని కత్తిగా చూసింది, మనిషిగా చూడలేదు.

మనిషిగా చూస్తే ఏమవుతుంది? అతని మాట వినిపిస్తుంది. నిహంగ్ ఫారసీ మాట, మొసలి అని అర్థం. ఖాల్సా కూడా అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చిందే. తెలంగాణ రైతుకు ఈ మాట మరోవిధంగా తెలుసు. జాగీర్లు కాక నేరుగా సర్కారు కింద ఉన్న గ్రామాలను ఇక్కడ ఖాల్సా గ్రామాలు అన్నారు. మధ్యలో జాగీర్దారు లేనిది ఖాల్సా భూమి, మధ్యలో మసందు లేని భక్తుడు ఖాల్సా సిక్కు. సిక్కులు నిలబడి చేసే ప్రార్థన అర్దాస్. అది ఫారసీ అర్జ్‌దాష్త్ నుంచి వచ్చింది. మనం కలెక్టరాఫీసులో పెట్టే అర్జీదీ అదే వేరు. చిక్కడపల్లి పేరునే తీసుకుందాం. చిక్కడ్ అంటే బురద, అందుకే ఆ పేరని పాతవాళ్లు చెప్తారు. పంజాబీలో కూడా బురదను చిక్కడ్ అనే అంటారు. దానికి తెలుగు పల్లె తోడైంది. అత్తాపూర్ నుంచి ఎవరైనా సిక్కు వచ్చి మా బస్తీ పేరు అడిగితే సగం అతనికి అర్థమవుతుంది, సగం మాకు. హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన దక్కనీ సిక్కులు మాట్లాడేది మేం మాట్లాడే దక్కనీయే. నక్కో, హౌ, కాయ్‌కు అన్నీ వాళ్ల నోటా ఉన్నాయి. పంజాబుకు పోతే వాళ్లను హైదరాబాదీ అంటారు. మమ్మల్ని లక్నోకు పోతే అదే అంటారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. జమియతె సిఖ్ఖాన్ నూరేళ్లకు పైగా నిజాం కొలువులో ఉంది. ఖజానాకు కాపలా కాసింది, తహసీలు వసూళ్లకు వెంట నడిచింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య దాకా ఉంది. ఆ తర్వాత సంస్థాన సైన్యాలతో పాటు అదీ పోయింది. ఇన్నేళ్ల కొలువుకు సిక్కుల్ని ఎవరైనా నిలదీశారా? నువ్వు నిజాం ఉప్పు తిన్నావు, సంజాయిషీ చెప్పుకో అని ఎవరైనా అడిగారా? లేదు. అడగకపోవడమే సబబు. నౌకరీ చేసినవాడి మనవణ్ని రాజు పాపాలకు జవాబు చెప్పమనడం అన్యాయం. మరి ఆ న్యాయం మాకెందుకు వర్తించదు?

మా తాతల్లో ఖజానా తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా కొద్దిమందే. ఎక్కువమంది దూది ఏకినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు, గాజులమ్మినవాళ్లు, టాంగా తోలినవాళ్లు, కౌలు చేసినవాళ్లు. 1940 ప్రాంతంలో కామారెడ్డిగూడెంలో విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ముస్లిం. అతని మీదికి మనుషుల్ని పంపిన దొర ముస్లిం కాదు. నారాయణగూడకు కూతవేటు దూరంలో కాచిగూడలో, 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో చనిపోయిన షోయబుల్లా ఖాన్ 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని ఉర్దూలో రాసి చచ్చిపోయాడు. హిమాయత్‌నగర్‌లో కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు మీద ఉన్న పేరు మఖ్దూం మొహియుద్దీన్‌ది. ఇన్ని పేర్లు మా చుట్టుపక్కలే ఉన్నా, నిజాం అనగానే వేలు మా వైపు తిరుగుతుంది. పరీక్షలో ప్రశ్న వచ్చినట్టు ప్రతి తరం మేం మళ్లీ జవాబు రాయాలి. రాసిన జవాబును దిద్దేవాడు ఎప్పుడూ వేరేవాడే.

ఆ జవాబు కూడా ఒకసారి రక్తంతో రాయించారు. పోలీసు చర్య తర్వాత పరిస్థితి చూసి రమ్మని కేంద్రం పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్‌లను పంపింది. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని ఆ కమిటీ తేల్చింది. అంతకుముందు రజాకార్లు చేసిన దౌర్జన్యాలకు ఈ శిక్ష, అవేమీ చేయని పేద ముస్లింల మీద పడింది. ఎక్కువగా నష్టపోయిన నాలుగు జిల్లాల పేర్లు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. నాందేడ్ పేరు చూడండి. ఏ ఊరి నేల గురువుకు ఆఖరి నీడ ఇచ్చిందో ఆ ఊరి జిల్లా. ఆ నివేదికను దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు. మామూలు పాఠకుల దాకా వచ్చేసరికి 2013 అయింది. అప్పటికి చూసినవాళ్లలో చాలామంది పోయారు. అరబ్బు సిపాయిల్లో చాలామందిని పట్టుకుని ఓడలెక్కించి పంపేశారు.

తలపాగా వంతు కూడా వచ్చింది. 1984 నవంబరులో ఢిల్లీ వీధుల్లో సిక్కుల్ని వెతికి చంపారు. సర్కారు లెక్క ప్రకారమే 2,733 మంది. యుద్ధజాతి అని మగ్గుల మీద, క్యాలెండర్ల మీద మెచ్చుకున్న దేశమే తలపాగా గుర్తు పట్టి నిప్పు పెట్టింది. మెచ్చుకోలు రక్షణ కాదని ఆ రోజు తెలిసింది. 2020లో రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నప్పుడు అదే తలపాగాను ఖలిస్తానీ అన్నారు. బొమ్మగా ఉన్నంతసేపు వీరుడు, హక్కు అడగగానే ద్రోహి. ఈ రహస్యం మాకు ఎప్పటినుంచో తెలుసు. మా కవ్వాలీ కావాలి, మా బిర్యానీ కావాలి, మా చార్మినార్ బొమ్మ కావాలి. మాకు మాత్రం అద్దె ఇల్లు దొరకదు.

ఇంత చెప్పాక కూడా మేం మా వాళ్లతో ఒక మాట చెప్పాలి. సిక్కు సిపాయి మగ్గుకు పోటీగా ఆసఫ్‌జాహీ సిపాయి మగ్గు, పచ్చ జెండా మగ్గు అచ్చు వేసుకుందామనే కుర్రాళ్లున్నారు. అది దారి కాదు. చందూలాల్ కాలంలో రాజ్యం అప్పుల్లో మునిగింది. పామర్ కంపెనీ వడ్డీలు, ఇంగ్లీషువాళ్ల కంటింజెంటు ఖర్చు, జీతాల బకాయిలు. మాలుగుజారీ వసూలు వేలం పాటలకు పోయింది. జీతం అందని దళాలు ఊళ్ల మీద పడ్డాయి. అరబ్బు జమాదారు, రొహిల్లా సావుకారు, వసూలుకు వెంట వచ్చిన సిపాయి ఏ మతంవాడైనా, రైతు గడప ముందు వాడు లాఠీయే. ఆ రైతు ఎల్లయ్య కావచ్చు, మస్తాన్ కావచ్చు. వీరుడి బొమ్మ చూసి పొంగిపోయేటప్పుడు ఆ గడప లోపలివాళ్లు కనిపించకపోతే, ఆ పొంగు సిక్కుదైనా మాదైనా ఒకటే. నిజాం గొప్పతనం మాకు కూడు పెట్టలేదు. అతని చెడ్డతనానికి మాత్రం మమ్మల్ని శిక్షిస్తున్నారు. మాకు రెండూ అక్కర్లేదు.

సిపాయి బొమ్మ ఎంత దగ్గరి గాయమో 2014 మే 14న తెలిసింది. తెలంగాణ రాష్ట్రం రావడానికి ఇంకా మూడు వారాలు కూడా లేవు. రాష్ట్రపతి పాలన. కిషన్‌బాగ్ సిక్ ఛావ్‌నీ దగ్గర సిక్కుల మతజెండా తగలబడిందని తెల్లవారుజామున గొడవ మొదలైంది. సిక్కులు, ముస్లింలు ఎదురెదురుగా నిలబడ్డారు. ఇళ్లు, బండ్లు కాలాయి. భద్రతా దళాల కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఒకే రాజు దగ్గర జీతం తీసుకున్నవాళ్ల మునిమనవలు, ఒకే దక్కనీలో తిట్టుకున్నారు. వాళ్లిద్దరికీ ఉద్యోగం పోయిన సంవత్సరం ఒకటే, 1948. వాళ్లిద్దరిదీ చిన్న చిన్న పనులు చేసుకుని బతికే బస్తీ. ఇద్దరి తాతలూ ఎందుకు పక్కపక్కన ఇళ్లు కట్టుకున్నారో ఆ పొద్దు గుర్తు చేసేవాడు అక్కడ లేడు. పోలీసు వైపు కూడా లేడు.

అందుకే మా మాట అశోక్‌నగర్ దగ్గర ఆగుతుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ కోసం వరుసలో నిలబడే పిల్లలున్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్లు. హాస్టల్ గదిలో నలుగురు, ఐదుగురు సర్దుకుని, టిఫిన్ బండి దగ్గర పూట గడిపి గ్రూప్స్‌కూ ఎస్సై పరీక్షలకూ చదువుతున్నారు. తెలంగాణ చరిత్ర పేపరు వాళ్లకు తప్పనిసరి. వాళ్ల నోట్సులో నిజాం అంటే రెండు కాలమ్‌లు: ఒకటి కట్టడాలు, ఒకటి రజాకార్లు. మధ్యలో బతికిన జనం లేరు. జమియతె సిఖ్ఖాన్ లేదు. బార్కస్ ఎందుకు బార్కస్ అయిందో లేదు. బందగీ ఉంటే ఒక్క ముక్క, సుందర్‌లాల్ నివేదిక ఉంటే అర ముక్క. అమృత్‌సర్‌కు వెళ్లిన చాందినీ లేదు. ఢిల్లీలో తిరిగిన తిలంగా లేడు.

లౌకిక మిత్రులారా, మేం మీ దగ్గర సానుభూతి అడగడం లేదు. ఈ నోట్సు రాసేవాళ్లలో, ప్రశ్నపత్రాలు తయారు చేసేవాళ్లలో, పాఠ్యపుస్తకాల కమిటీల్లో కూర్చునేవాళ్లలో మీరున్నారు. సిక్కు దళాన్ని నిజాం చరిత్రలోకి తీసుకురండి. అరబ్బుల్ని, సిద్దీల్ని, రొహిల్లాల్ని, వాళ్ల లాఠీ తిన్న రైతుల్ని అదే పేజీలోకి తీసుకురండి. ఫౌజు ఒక మతానిది కాదని, గడప ముందు నిలబడ్డ ఆకలికి మతం లేదని పిల్లలు మార్కుల కోసమైనా చదవనివ్వండి. ఆ లైబ్రరీలో చదువుతున్న కుర్రాడే రేపు ఎస్సైగా కిషన్‌బాగ్ చౌరస్తాలో నిలబడతాడు. అతని ముందు ఒకవైపు తలపాగాలు, ఒకవైపు టోపీలు ఉంటాయి. చేతిలో లాఠీ ఉంటుంది, వెనక తుపాకులుంటాయి. ఆ నిమిషంలో అతనికి గుర్తుకు రావలసింది మగ్గు మీది ముక్క కాదు, వాళ్లిద్దరూ ఈ ఊరికి ఎట్లా వచ్చారో చెప్పే చరిత్ర. అది అతనికి చదివించడం మన పని.